లేవబోయినవాడు చెప్పగానే ఎందుకు ఆగిపోతాడు?

ఆటిజంలో డిమాండ్ అవాయిడెన్స్: ఇంట్లో, ఆఫీసులో మనం చేయగలిగింది

చంపాపేట్‌లో ఓ రెండు గదుల వాటాను ఊహించుకోండి. పొద్దున ఏడున్నర. 26 ఏళ్ల అబ్బాయి మంచం అంచున కూర్చుని తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. స్నానానికే లేస్తున్నాడు. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం దాకా వెళ్లాలి. ఉద్యోగమంటే ఇష్టమే. నిన్న సగంలో ఆపిన పని గురించి రాత్రి పడుకునేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. అంతలో వంటింట్లోంచి అమ్మ, “నాన్నా, స్నానం చేసి రా, టిఫిన్ చల్లారిపోతోంది” అంది. ప్రేమగానే అంది. తువ్వాలు పక్కకు పోయింది, అబ్బాయి మళ్లీ కూర్చుండిపోయాడు. పది నిమిషాలకు అమ్మ ఇంకోసారి పిలిచింది. ఈసారి నాన్న కూడా గొంతు కలిపారు. ఎనిమిదిన్నరకు గది తలుపు గడియ పడింది. ఆ రోజుకు ఆఫీసు లేదు.

ఇలాంటి ఇళ్లలో వినపడే మాటలు మనకు తెలుసు. మొండివాడు, బద్ధకస్తుడు, గారాబం ఎక్కువై చెడిపోయాడు, రెండు తగిలిస్తే దారికొస్తాడు. కానీ ఈ మాటల్లో ఏదీ జరిగినదానికి అతకదు. బద్ధకమైతే తువ్వాలు చేతిలోకి ఎందుకు తీసుకున్నాడు? ఉద్యోగం ఇష్టం లేకపోతే రాత్రి పడుకునేదాకా ఆ పని గురించే ఎందుకు ఆలోచించాడు? అతను చేయబోతున్న పని, చెయ్యమని చెప్పినందుకే ఆగిపోయింది. చిక్కుముడి ఇదే. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి ఇది ఎప్పుడో ఒకరోజు వచ్చే ఇబ్బంది కాదు, ప్రతిరోజూ ఉండే జీవితం.

నాటింగ్‌హామ్‌లో మొదలైన కథ

1980లలో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌లో ఎలిజబెత్ న్యూసన్ అనే మనస్తత్వవేత్త దగ్గరకు కొంతమంది పిల్లలు వచ్చేవారు. ఆటిజం లక్షణాలు ఉన్నాయి, కానీ డాక్టర్లు చదువుకున్న మూసలో పూర్తిగా ఇమడరు. మాటకారులు, ఊహాశక్తి మెండు. ఏదైనా చెయ్యమంటే మాత్రం తప్పించుకోవడానికి వెయ్యి దారులు వెతికేవారు. మాట మార్చడం, చేతులు పనిచెయ్యట్లేదనడం, ఇంకో పాత్రలోకి వెళ్లిపోయి ఆ పాత్రలాగే మాట్లాడటం, ఏ దారీ లేకపోతే పెద్ద పెట్టున బద్దలవడం. ఆమె దీనికి ‘పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్’, అంటే చెయ్యమన్నదాన్ని రోగమనేంతగా తప్పించుకోవడం, అని పేరు పెట్టారు. సహచరులతో కలిసి 2003లో దీనిపై ఒక ముఖ్యమైన పత్రం ప్రచురించారు. క్లుప్తంగా పీడీఏ అంటున్నారు.

పీడీఏ విడిగా ఒక జబ్బు కాదు. 2013లో అమెరికా మానసిక వైద్యులు ప్రచురించిన రోగ నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గానీ ఈ పేరు లేదు. ఆటిజంలో కనిపించే ఒక తీరుగానే చాలామంది నిపుణులు దీన్ని చూస్తారు. పేరు మీద వివాదమూ ఉంది. తానే ఆటిస్టిక్ అయిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ వంటివారు, కాదనే హక్కు అందరికీ ఉన్నప్పుడు ఆటిస్టిక్ మనిషి కాదంటే దాన్నెందుకు రోగం అంటారని నిలదీశారు. నిలదీయాల్సిన ప్రశ్నే. అయితే పేరు తేలేదాకా సాయం ఆపనక్కర్లేదని నా అభిప్రాయం. గది తలుపు గడియ పడే ఇల్లు అప్పటిదాకా ఆగలేదు.

ఎంతమందిలో ఉంటుందన్నదానికి ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో జరిగిన అధ్యయనం కొంత అంచనా ఇస్తుంది. 2015లో వెలువడిన ఆ పరిశోధనలో, ఆటిజం ఉన్న యువతలో సుమారు 5 మందిలో ఒకరికి చిన్నతనంలో ఈ లక్షణాలు ఉన్న జాడలు దొరికాయి. వయసు పెరిగేకొద్దీ అవి చాలావరకు తగ్గాయని కూడా తేలింది. ఈ రెండో సంగతి తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి.

ఒంట్లో జరిగేది

చెప్పించుకోవడం ఎవరికీ నచ్చదు. స్వేచ్ఛ పోతోందనిపించగానే మనిషి ఎదురు తిరుగుతాడని, అప్పటిదాకా అంతగా పట్టించుకోనిది కూడా ఒక్కసారిగా కావాలనిపిస్తుందని అమెరికన్ మనస్తత్వవేత్త జాక్ బ్రెహ్మ్ 1966లోనే వివరించాడు. మనలో చాలామందికి అది ఒక క్షణం చిరాకు. గొణుక్కుంటాం, లేచి చేసేస్తాం. పీడీఏ ఉన్నవారిలో ఆ క్షణం దాటదు. ఎందుకు దాటదో మెట్టు మెట్టుగా చూద్దాం.

ఒక మాట చెవిన పడగానే రెండు పోతాయి. ఏం చేయాలో ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే పట్టు మొదటిది. తర్వాత ఏం జరుగుతుందన్న నిశ్చింత రెండోది. చేస్తే సరిగ్గా వస్తుందా, చెయ్యకపోతే ఏమంటారు, ఇది అయ్యాక ఇంకోటి చెబుతారా? ఆటిజం ఉన్న చాలామందికి అనిశ్చితి తట్టుకోవడం కష్టం. బ్రిటన్‌లో 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ అనిశ్చితి భయాన్నీ, ఆందోళననూ డిమాండ్ అవాయిడెన్స్‌తో ముడిపెట్టింది. మామూలు మాటే అయినా మెదడు దాన్ని ప్రమాదంగా లెక్కేస్తే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. ముందూ వెనకా ఆలోచించే శక్తి ఆ కాసేపు వెనకబడుతుంది. అప్పుడు మిగిలే దారులు తక్కువ: ఎదురు తిరగడం, పారిపోవడం, కదలకుండా బిగుసుకుపోవడం. నాలుగోది కూడా ఒకటుంది, “సరే సరే” అని పైకి ఒప్పేసుకోవడం. బయటివాళ్లను మోసం చేసేది ఈ నాలుగోదే. ఆఫీసులో రోజంతా “సరే సార్” అన్న మనిషి ఇంటి గడప దాటగానే కుప్పకూలితే, “బయట బాగానే ఉంటాడు, మాతోనే ఇలా” అని ఇంట్లోవాళ్లు బాధపడతారు. బాగుండటానికి చేసిన శ్రమ మొత్తం బయటే ఖర్చైపోయింది, అంతే.

చాలామందికి నమ్మశక్యం కానిది ఇంకొకటుంది. ఆజ్ఞ వేరేవాళ్లు ఇవ్వనక్కర్లేదు. ఆకలి ఒక ఆజ్ఞే. బాత్రూంకి వెళ్లాలనిపించడం ఒక ఆజ్ఞే. ఎంతో ఇష్టమైన సినిమాకు టికెట్ బుక్ చేసుకున్నాక ఆ టికెట్టే “వెళ్లి తీరాలి” అంటుంది, అడుగు పడదు. మెచ్చుకోలు కూడా అంతే. “ఎంత బాగా చేశావో” అన్న మాట వెనక “రేపూ ఇలాగే చెయ్యాలి” అన్నది వినపడుతుంది. సుఖాన్ని కూడా తప్పించుకుంటున్నాడంటే అది సోమరితనం కాదని తేల్చడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ బరువు కూడుకుంటూ పోతుంది. మే నెల మధ్యాహ్నం ఇంట్లో ఏసీ నడుస్తోంది, నీళ్ల మోటారు నడుస్తోంది, ఇస్త్రీపెట్టె వేడెక్కుతోంది. ఎవరో మిక్సీ స్విచ్ వేశారు, ఎంసీబీ పడిపోయింది. తప్పు మిక్సీదంటామా? అప్పటికే మోస్తున్న బరువుకి అది చివరిది మాత్రమే. పడిన వెంటనే మీటను బలవంతంగా పైకి లేపినా నిలవదు, లోపలి లోహపు పట్టీ చల్లారాలి, కొంత లోడు తీసేయాలి. టిఫిన్ పిలుపు దగ్గర ఆగిపోయిన మనిషి అప్పటికి ఏమేం మోస్తున్నాడో లెక్కేస్తే, నిన్నటి మెట్రో రద్దీ, రాత్రి నిద్ర లేకపోవడం, కింద వీధిలో డ్రిల్లింగ్ మోత, పది గంటల మీటింగు అన్నీ వస్తాయి. అందుకే నిన్న చేసిన పని ఇవాళ చెయ్యలేకపోవడం నటన కాదు. నిన్నటి లోడు వేరు.

ఆజ్ఞ లేకుండా చెప్పడం

మన ఇళ్లలో ప్రేమ చాలావరకు ఆజ్ఞల రూపంలోనే ఉంటుంది. తిను, పడుకో, జాగ్రత్తగా వెళ్లు, చేరాక ఫోన్ చెయ్యి. వీటిని మానెయ్యమంటే ప్రేమించడం మానెయ్యమన్నట్టే ఉంటుంది అమ్మలకు. మానక్కర్లేదు. సమాచారం ఇచ్చి నిర్ణయం వాళ్లకే వదిలితే చాలా ఇళ్లలో తేడా కనిపిస్తుంది.

“స్నానం చేసి రా” బదులు, “గీజర్ ఆన్‌లో ఉంది. ఇడ్లీ హాట్‌బాక్స్‌లో పెట్టాను.” అంతే. తర్వాత మాట రాకూడదు, గుమ్మం దగ్గర నిలబడి చూడకూడదు. “మందు వేసుకో” బదులు, మాత్రల డబ్బా, నీళ్ల గ్లాసు కనపడేచోట ఉంచి, “ఇప్పుడు వేసుకుంటావా, తిన్నాకా?” అని అడగొచ్చు. “గది సర్దు” బదులు, “నేను బట్టలు మడతపెడుతున్నా, దుప్పటి ఒక్కదాన్నే పట్టుకోలేకపోతున్నా” అంటే చాలాసార్లు వాళ్లే వచ్చి పట్టుకుంటారు. రాకపోతే దెప్పకూడదు. దెప్పితే అడిగింది ప్రశ్న కాదని, వేషం వేసుకున్న ఆజ్ఞేనని వాళ్లకు అర్థమైపోతుంది, రేపటినుంచి ఆ దారీ మూసుకుపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. డిమాండ్‌ను ఆటగా, కథగా మార్చి చెప్పమని పిల్లల విషయంలో నిపుణులు సలహా ఇస్తారు. చిన్నపిల్లలకు అది బాగానే ఉంటుంది. పెద్దవాళ్ల మీద వాడితే కపటంగా తోస్తుంది. పెద్దవాళ్లతో నేరుగా కూర్చుని మాట్లాడుకోవడమే మేలు. అది గొడవ జరిగిన రోజు కాదు, మనసు నిమ్మళంగా ఉన్న రోజు. ఏ మాట గుచ్చుకుంటోంది, ఏ పని మొదలుపెట్టడమే కష్టం, ఎవరు పక్కన ఉంటే వీలవుతోంది అని అడగాలి. అమెరికన్ మనస్తత్వవేత్త రాస్ గ్రీన్ 1998 నుంచీ తన పుస్తకాల్లో చెబుతున్నది దాదాపు ఇదే: పరిష్కారం పెద్దలు తెచ్చి మీద పెట్టకూడదు, ఇద్దరూ కలిసి వెతకాలి.

స్టార్ల చార్టులు, “ఇది చేస్తే అది కొనిస్తా” అనే బేరాలు వీరిలో తరచూ బెడిసికొడతాయి. బహుమానం కూడా ఇంకో షరతు కాబట్టి. చెప్పిన మాట వినడమే లక్ష్యంగా సాగే థెరపీ గురించీ తల్లిదండ్రులు గట్టిగా ప్రశ్నించాలి. పిల్లవాడు కుర్చీలో ఎన్ని నిమిషాలు కూర్చున్నాడన్నది కాదు, కూర్చున్నప్పుడు అతని గుండె ఎలా కొట్టుకుంటోందన్నది ముఖ్యం.

అన్నీ వదిలేయమని కాదు. రోడ్డు దాటడం, మందులు, గ్యాస్ స్టవ్ లాంటివి వదలలేం. ఆ వదలలేనివాటి జాబితా చిన్నదిగా ఉండాలి, కారణం చెప్పాలి. “నాన్న చెప్పారు కాబట్టి” అనేది కారణం కాదు. “ఈ మందు మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్ చెప్పారు” అనేది కారణం.

పెళ్లిళ్ల సీజనులో

చంపాపేట్, కర్మన్‌ఘాట్, సాగర్ రింగ్ రోడ్డు వైపు ఉన్నవాళ్లకు ఫంక్షన్ హాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మాఘం వచ్చిందంటే ట్రాఫిక్, బరాత్ డీజేలు, బాణసంచా. పీడీఏ ఉన్న మనిషికి ఒక పెళ్లిలో ఎన్ని డిమాండ్లు పేరుకుంటాయో చూడండి: గుచ్చుకునే కొత్త బట్టలు, “పెద్దమ్మకు నమస్తే పెట్టు”, “ఫోటోకి రా”, “ఇంకొంచెం పెట్టించుకో”, “పెళ్లెప్పుడు?”. వీటి మీద స్పీకర్ల మోత. ఎంత ప్రేమించే పిన్ని పెళ్లైనా వీలుకాకపోవచ్చు. ముందే దారులు పెట్టుకుంటే కొన్నిసార్లు వీలవుతుంది. విడిగా బండి మీద రావడం, తలంబ్రాల టైముకే వచ్చి అరగంటలో వెళ్లిపోవడం, రాకపోయినా ఎవరూ నిలదీయరని ముందే మాటివ్వడం. రాకపోయినా పర్వాలేదన్న మాట నిజంగా నిజమైతే, రావడం సులువవుతుంది.

ఆడపిల్లల విషయం మరీ కష్టం. చిన్నప్పటినుంచి కలివిడిగా ఉండటం, నవ్వడం, సర్దుకుపోవడం నేర్పుతాం కాబట్టి వాళ్లు లోపలి ఆందోళనను దాచడంలో ఆరితేరతారు, ఆటిజం ఉందని ఎవరికీ తోచదు. పెళ్లయ్యాక అత్తగారింట్లో పొద్దున్నే లేవడం, పూజ, వంట, వచ్చేపోయేవాళ్లు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆమె గదిలోంచి బయటికి రాలేని రోజున దానికి పొగరు అని పేరు పెడతారు. ఇలాంటి అమ్మాయిలకు మొదట డిప్రెషన్ అని చికిత్స మొదలవ్వడం వింత కాదు. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. గమనించాల్సిన తేడా ఒకటుంది. డిప్రెషన్‌లో సాధారణంగా ఇష్టాలే వాడిపోతాయి, ఇక్కడ ఇష్టం అలాగే ఉంటుంది, మొదలుపెట్టడం దగ్గర ఆగిపోతుంది. ఏది ఏమిటో తేల్చడం సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు పని. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు తెలుగులోనూ ఫోన్ చేయొచ్చు.

ఆఫీసులో

ఉద్యోగమంటేనే డిమాండ్ల పుట్ట, పీడీఏ ఉన్నవాళ్లు ఎలా నెగ్గుకొస్తారని అనిపించొచ్చు. నెగ్గుకొస్తారు, ఎలా చెయ్యాలన్నది వాళ్ల చేతిలో ఉంటే. ఫలితం ఏమిటో చెప్పి దారి వదిలేసే మేనేజర్ దగ్గర వీళ్లు రాణిస్తారు. గంటగంటకూ “ఎంతవరకు వచ్చింది?” అని అడిగే మేనేజర్ దగ్గర అదే మనిషి మూడు నెలల్లో రాజీనామా చేస్తాడు.

మేనేజర్ చాట్‌లో “అర్జెంట్, ఇవాళ సాయంత్రానికల్లా పంపండి” అని పెట్టాడనుకుందాం. మెదడులో గంట మోగుతుంది, మెసేజ్ తెరవడానికే చెయ్యి వెళ్లదు. అదే విషయం ఇలా రాయొచ్చు: “క్లయింట్ శుక్రవారం 11 గంటలకు చూస్తారు. మిగిలినవి మూడు. ఏది ముందు తీసుకుంటే మీకు వీలు? రెండోది వాళ్లకు అంత ముఖ్యం కాదు.” గడువు మారలేదు, పని తగ్గలేదు. కారణం, ఎంపిక, కొలత మాత్రం వచ్చి చేరాయి.

ఇంకా కొన్ని ఉన్నాయి. చెప్పాపెట్టకుండా కాల్ చెయ్యకుండా ముందు ఒక లైను రాయడం. వీడియో ఆఫ్‌లో పెట్టుకోనివ్వడం. స్టాండప్ మీటింగులో నోటితో కాకుండా రాసి చెప్పనివ్వడం. మెచ్చుకోలు పదిమందిలో కాకుండా విడిగా, ఫలానా పని ఎందుకు బాగుందో చెప్పడం. ఎల్‌బీ నగర్ నుంచి రాయదుర్గం దాకా ఎనిమిదిన్నర రద్దీలో నిలబడి వచ్చేసరికే సగం శక్తి అయిపోతుంది కాబట్టి, పదకొండుకు రానివ్వడమో వారంలో కొన్ని రోజులు ఇంటినుంచి చేయనివ్వడమో చాలా పెద్ద సాయం.

ఇదంతా సాఫ్ట్‌వేర్ వాళ్లకేనా? కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ బట్టల షాపులో కౌంటర్ దగ్గర నిలబడలేని అబ్బాయి గోడౌన్‌లో స్టాకు లెక్క ఎవరూ వేలు పెట్టకుండా చేయనిస్తే అద్భుతంగా చేయొచ్చు. చిన్న యజమానికి హెచ్ఆర్ పాలసీ ఉండదు, కానీ మనిషిని చూసి పని మార్చే వెసులుబాటు పెద్ద కంపెనీకన్నా ఎక్కువ ఉంటుంది.

బద్దలైన రోజు

అరుపులు, తలుపులు బాదుకోవడం, వస్తువులు విసరడం, లేదా పూర్తిగా మాట పడిపోవడం. అప్పుడు నీతులు పనికిరావు. మాటలు తగ్గించాలి, గదిలో మనుషుల్ని తగ్గించాలి, వీలైతే లైటు తగ్గించాలి. దెబ్బ తగిలే వస్తువులు మెల్లగా తీసేసి, అందుబాటులో ఉంటూనే దూరంగా ఉండాలి. తేరుకోవడానికి గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి మర్నాడు కూడా. “ఎందుకలా చేశావ్?” అన్న విచారణ అదే రోజు పెడితే రెండోసారి బద్దలవుతుంది.

సర్టిఫికెట్, చట్టం

*ఆటిజం ధ్రువీకరణకు మన దేశంలో వాడే ఐఎస్ఏఏ కొలమానం తయారైంది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే. 1984లో ఏర్పడి, ఇప్పుడు నీపిడ్ అని పిలుస్తున్న జాతీయ సంస్థ దాన్ని రూపొందించింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 70 లేదా ఆపైన వస్తే ఆటిజం. గట్టిగా మారాం చేయడం గురించి అందులో ఒక అంశం ఉంది. డిమాండ్ల వల్లే ఆ మారాం వస్తోందా అన్నదానికి గడి లేదు. కాబట్టి పరీక్షకు వెళ్లేటప్పుడు ఏ మాట తర్వాత ఏం జరిగిందో ఇంట్లో రాసుకున్న కాగితం తీసుకెళ్లండి.*

*2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మనిషికి తగ్గట్టు, యజమాని మీద మోయలేని భారం పడకుండా చేసే సర్దుబాటును నిరాకరించడం ఈ చట్టం ప్రకారం వివక్షే. సమాన అవకాశాల విధానాన్ని ప్రైవేటు సంస్థలు కూడా ప్రకటించాలి. సర్దుబాటు కోరడానికి 40 శాతం వైకల్యం ఉండి తీరాలని లేదని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగి ప్రవర్తనకు మానసిక వైకల్యం కారణాల్లో ఒకటైనప్పుడు ఆ ప్రవర్తన మీద క్రమశిక్షణ చర్య తీసుకోవడం పరోక్ష వివక్ష అవుతుందని అదే ఏడాది డిసెంబరులో రవీందర్ కుమార్ ధారీవాల్ కేసులో తీర్పిచ్చింది.*

*వైకల్య ధ్రువీకరణకు పెట్టే సదరం క్యాంపుల పేరు మన దగ్గర అందరికీ తెలిసినదే. దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు యూడీఐడీ. రాష్ట్ర వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం మలక్‌పేటలో నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గర ఉంది, చంపాపేట్ నుంచి పెద్ద దూరం కాదు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం కింద ఆటిజం ఉన్నవారికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా దొరుకుతుంది.*

తన కోసం తాను

పీడీఏ ఉన్న పెద్దవాళ్లు తమ మీద తామే వాడుకోగల ఉపాయాలు కొన్ని ఉన్నాయి. “చెయ్యాలి” జాబితాకు బదులు “చేస్తే చెయ్యొచ్చు” జాబితా రాసుకోవడం, వరస మార్చుకోవడం, చివరినుంచి మొదలుపెట్టడం, స్నేహితుడు పక్కన తన పని తాను చేసుకుంటూ ఉంటే మన పని చేసుకోవడం. రోజులో ఎవరికీ, తనకూ ఏమీ బాకీ లేని ఒక గంట ఉంచుకోవడం. ఈ ఉపాయాలు కూడా కొన్నాళ్లకు ఆజ్ఞలైపోతాయి. అప్పుడు మార్చేయాలి, అది ఓటమి కాదు.

ఆఫీసులో అడగడానికి మాత్రం చాలామంది జంకుతారు. రోగం పేరు చెప్పుకోవాలేమోనని భయం. మేనేజరుకు రాసే మొదటి మెయిల్‌లో పీడీఏ అన్న మాట లేకపోయినా ఫర్వాలేదు: “పనులు రాతలో, కారణంతో వస్తే నేను వేగంగా చేయగలుగుతున్నాను. ముందు చెప్పని కాల్స్ ఉన్న రోజు నా పని సగం పడిపోతోంది. సోమ, గురువారాలు మాత్రమే కాల్స్ పెట్టుకుని, మిగిలిన రోజుల్లో చాట్‌లో మాట్లాడుకుందామా? ఒక నెల చూసి, మీకు ఇబ్బందిగా ఉంటే మారుద్దాం.” నెల తర్వాత తేదీని అప్పుడే ఇద్దరి క్యాలెండర్లలో పెట్టుకోవాలి. కుదిరినవి హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా పంపాలి, మేనేజర్ మారినా ఆ ఏర్పాటు మారకుండా.